ప్రకోపం మూట

పాప పుట్టి వారం తిరగకముందే మా కూతురు నయనకు పాలు గడ్డకట్టాయి. రొమ్ములు రెండూ ముట్టుకుంటే రాయి, చూస్తే నిగనిగా మెరుపు, చెయ్యి ఆనిస్తే పెనం వేడి. పాప నోరు పెడితే అందదు, జారిపోతుంది. జారినప్పుడల్లా ముఖం ఎర్రగా చేసుకుని ఏడుస్తుంది. దాన్ని చూసి నయన ఏడుస్తుంది. ఇద్దరినీ చూసి నేను దేవుని అర్రలోకి పోయి, ఏం మొక్కాలో తోచక అగరుబత్తి వెలిగించి మళ్ళీ వచ్చేదాన్ని.

మేడ్చల్‌లో డాక్టరమ్మకు చూపించాం. ఆమె గోలీలు రాసి, చాలా సేపు చెప్పింది. వేడి కాపడం పెట్టాలి, మెల్లగా పాలు పిండాలి, పాపకు మాటిమాటికీ పట్టించాలి అంది. జ్వరం దిగకుండా లోపల చీము పడితే మాత్రం కోయాల్సి వస్తుందని చివర్లో అంది. ఆ కోయడమన్న మాట విన్నాక ముందు చెప్పినవన్నీ నా చెవుల్లోంచి జారిపోయాయి. మా మేనత్త బిడ్డకు అట్లాగే కోశారు. ఆమె ఇప్పటికీ ఆ పక్క చెయ్యి పైకెత్తి జడ వేసుకోలేదు. ఇంటికి వచ్చేదాకా ఆటోలో నాకు ఆ చెయ్యే కనబడింది.

వేడినీళ్ళలో తువ్వాల ముంచి పిండి పెట్టబోతే నయన నా చెయ్యి తోసేసింది. "అమ్మా, ముట్టకు, పాణం పోతాంది" అంది. నేను కూడా గట్టిగా పట్టుకోలేకపోయాను. డబ్బా పాలు చెంచాతో పోస్తే పాప సగం కక్కేసింది. పాలు దిగాలి, పాప తాగాలి. ఆ వారమంతా మా ఇంట్లో వేరే సంగతి లేదు.

మాది అత్వెల్లి. ఇంటి ముందే హైవే. వాకిట్లోనే మా ఆయన మధుసూదన్ టైర్ల దుకాణం. ముందు దుకాణం, వెనక ఇల్లు, ఆ వెనక బట్టలుతికే బండ. రెండు వేల ఐదు వానాకాలం అది. రోడ్డు మీద లారీలు బురద కొట్టుకుంటూ వచ్చేవి, ఆయనకు తల ఎత్తే తీరిక ఉండేది కాదు.

ఆ పొద్దున నేను వెనక పాప గుడ్డలు ఉతికి లోపలికి వచ్చాను. నయన గోలీ మత్తులో నిద్రపోతోంది. ఊడుద్దామని చీపురు మంచం కిందికి తోస్తే ఏదో గిన్నెకు తగిలి ఖంగుమంది. అక్కడ నేను గిన్నె పెట్టలేదు. వంగి చూశాను.

స్టీలు గిన్నెలో ఒక మూట. తెల్లటి గుడ్డ, బత్తాయి పండుకన్నా కొంచెం పెద్దది, గుండ్రంగా. పైన గుడ్డ కొసలన్నీ మెలితిప్పి, తెల్లదారం బిగించి బిగించి చుట్టి పిడిలాగా చేశారు. గుడ్డ మీద పసుపు మరకలు. వాసన చూడకుండానే వచ్చేసింది, పచ్చి పసుపు, నిమ్మకాయ. ఇంకొంచెం వంగితే గుడ్డలోంచి సన్నటి పోగులు పొడుచుకుని వచ్చి ఉన్నాయి. వెంట్రుకలు.

బాలింత మంచం కింద, నా బిడ్డ తలకాయ కింద.

నేను చీపురు పట్టుకుని అట్లానే నిలబడిపోయి ఉంటాను. పక్కింటి సుక్కమ్మ పాపకు నీళ్ళు పోయడానికి వచ్చింది. పెద్దావిడ, మా వాడలో అందరి పిల్లలకూ ఆమె చేతి స్నానమే.

"ఏమైందే విజయా, గట్ల కొయ్యలెక్క నిలబడ్డవ్?"

నేను చీపురుతోనే చూపించాను. ఆమె మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని వంగి, చూసి, వెనక్కి రెండడుగులు వేసింది.

"ముట్టకు."

"ఏందత్తా అది?"

"ఏంది అంటవేందే? తెల్ల గుడ్డ, తెల్ల దారం, పసుపు, నిమ్మకాయ, ఎంటికెలు. ఇంకేం గావాలె నీకు, మీద పేరు రాసి పెట్టాల్నా? బాణామతి."

ఆ మాట మా దిక్కు గట్టిగా అనరు. ఆమె కూడా గొంతు తగ్గించే అంది. పాలు ఎందుకు గడ్డకట్టాయో, పిల్ల ఎందుకు నోరు పెట్టడం లేదో అప్పుడు నాకు అంతా అర్థమైనట్టే అనిపించింది.

"ఎవలొచ్చిండ్రు ఇంట్లకు?"

"ఎవలు రాలేదత్తా. నేను ఎనక ఉన్న."

"ఎవలు రాకుంట అదే నడిచొచ్చిందా?"

ఉరికినట్టుగా దుకాణంలోకి పోయాను. కంప్రెసర్ డగడగా కొట్టుకుంటోంది. మా ఆయన లారీ టైరుకు హవా కొడుతున్నాడు.

"ఇంట్లకు ఎవలన్న వచ్చిండ్రా?" అని అరిచాను.

"ఆఁ, బిందు వచ్చింది. జీపు ఆపుకొని వచ్చి జల్దీల పోయింది."

బిందు మా అల్లుడు అరుణ్‌కు అక్క. పేట్ బషీరాబాద్‌లో తల్లిదండ్రుల దగ్గరే ఉంటుంది.

"ఏమన్న చెప్పిందా?"

"చెప్పింది గని మిషన్ మోతల మంచిగ ఇనబడలే. మంచం కింద ఏదో పెట్టిన అన్నది. ప్రకోపమో ఏదో అన్నది."

"ఏం ప్రకోపం?"

"నాకేం ఎరుక? సాయంత్రం వచ్చి నయన మీద ప్రకోపం పెడ్త అన్నది."

"నువ్వేమన్నవ్?"

"సరే అన్న."

ఆయన వైపు చూస్తూ నిలబడ్డాను. టైరు నిండిందో లేదో సుత్తితో కొట్టి వింటున్నాడు. ప్రకోపం అంటే నాకు తెలిసింది ఒక్కటే. ఏడో తరగతిదాకా చదివిన దాన్ని, పేపరు చదవగలను. ఊళ్ళో అంటురోగం వచ్చినప్పుడు పోచమ్మ ప్రకోపం అంటారు. మనిషి మీదికి ప్రకోపం పెట్టడమంటే ఏమిటో ఎవరైనా చెప్పాలా?

బిందు గురించి నాలుగు మాటలు చెప్పాలి. పెళ్ళయిన చాలా ఏళ్ళకు కూడా పిల్లలు కాలేదని భర్త వదిలేశాడు. ఊరికే కూర్చోలేక శామీర్‌పేట్ అవతల ఒక రిసార్టులో పనికి చేరింది. కంపెనీ జీపు వచ్చి తీసుకుపోతుంది. అక్కడ ఏం పని అంటే మా వియ్యపురాలు "ఆడోళ్ళకు మందు నూనెలతోని సేవ" అని చెప్పి మాట మార్చేది. మసాజు అన్న మాట మా దగ్గర ఎవరూ అనేవారు కాదు, వెనక మాత్రం అందరూ అనేవారు. పాప పుట్టిన రోజు బిందు ఆసుపత్రికి వచ్చి, దూరంగానే నిలబడి, తొంగి చూసి పోయింది. ఎత్తుకొమ్మని ఎవరూ అనలేదు. నేనూ అనలేదు. అప్పుడు ఆమె పాపవైపు చూసిన చూపు ఇప్పుడు నాకు వేరే తీరుగా గుర్తొచ్చింది.

సుక్కమ్మకు అంతా చెప్పాను. "ఇగ చెప్పేది ఏమున్నది" అంది. మూటను ఇంట్లో విప్పకూడదు, చేత్తో ముట్టకూడదు, చెప్పుతో కొట్టి మూడు బాటల కాడ వదిలేసి వెనక్కి చూడకుండా రావాలి. గిన్నెను పట్టుకారుతో బయటికి లాగాను. వెనక బండ మీద సుక్కమ్మ ఎడమకాలి చెప్పు తీసి మూటను చితక్కొట్టింది. కొడుతుంటే ఆ వాసన ఇంకా ఎక్కువగా వచ్చింది. బాగుంది అనుకోవడానికి కూడా నాకు భయమేసింది. తర్వాత మూటను చాటలో వేసి, పైన ఉప్పు చల్లి, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని పోయి, ఇంటి వెనక సందు హైవేను కలిసేచోట, వావిలి కంచె పక్కన వదిలేసి వచ్చాను. వెనక్కి చూడలేదు.

మధ్యాహ్నానికి నయనకు జ్వరం తగ్గాలి కదా. ఇంకా పెరిగింది. సుక్కమ్మను అడిగితే, "తీసినంక ఒక పూట ఎక్కువైతది" అంది. నయన వణుకుతూ, "పొద్దున నిద్రమత్తుల ఇన్న, వదినె మల్ల వస్తనన్నది, వచ్చిందా?" అని అడిగింది. మందు పెట్టినవాళ్ళనే తలుచుకుంటారని చిన్నప్పుడు విన్నాను.

పొద్దు ఇంకా ఉండగానే ఇంటి ముందు జీపు ఆగింది. బిందు దిగింది. కంపెనీ లేత ఆకుపచ్చ చీర, ముడేసిన జుట్టు, చేతిలో ఏమీ లేదు. చెప్పులు విప్పి నేరుగా లోపలికి రాబోయింది. నేను గడప మీద నిలబడ్డాను.

"అత్తమ్మా, ఎట్లున్నది నయనకు? పర్మిషన్ తీసుకొని వచ్చిన. మూట ఏది, ఆవిరికి పెడ్దాం."

నేను జరగలేదు. నా చెయ్యి తలుపు చెక్కను పట్టుకుని ఉంది.

"బిందూ, మాకు నీతోని ఏం కొట్లాట లేదు గద" అన్నాను.

"ఏం కొట్లాట?"

"నయన మీద ప్రకోపం పెడ్త అన్నవంట."

ఆమెకు అర్థం కాలేదు. నుదురు ముడేసి నావైపు చూసింది. తర్వాత దుకాణం వైపు, కంప్రెసర్ వైపు చూసింది. నవ్వు రాబోయింది, రాలేదు.

"ప్రకోపం గాదు అత్తమ్మా. ప్రకోబ్. లూక్ ప్రకోబ్. థాయ్‌లాండోళ్ళ మాట. మాకు నేర్పిన మేడం ఆడికెల్లి వచ్చింది. గా మాటకు కాపడం మూట అని అర్థం. పనిల రోజూ అట్లనే అంటం, మామయ్యతోని గూడ అదే నోట్లకు వచ్చింది."

"కాపడం మూటల ఎంటికెలు ఎందుకు?"

"ఎంటికెలా? నిమ్మగడ్డి అత్తమ్మా. ఎండితే పోగులు పోగులు లేస్తది." ఒక్క క్షణం ఆగి, "మీరు మూట ఏం చేసిండ్రు?" అని అడిగింది.

చెప్పక తప్పలేదు. చెప్పుతో కొట్టింది నేను కాదు, సుక్కమ్మ అని కూడా చెప్పాను. అది చెప్పాల్సిన మాట కాదని చెబుతుండగానే తెలిసింది.

బిందు అరుగు మీద కూర్చుంది. పవిటకొస వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ కాసేపు రోడ్డు వైపు చూసింది. కళ్ళు నిండాయి కానీ కారలేదు.

"కొడితే కొట్టిండ్రు తియ్యి" అంది చివరికి. "మూట కట్టేముందు మేం గూడ రోట్లేసి దంచుతం. దంచితేనే రసం దిగుతది. సుక్కవ్వ ఇంకింత దంచింది, అంతే."

లోపల పాప ఏడుపు మొదలుపెట్టింది. ఆకలి ఏడుపు. మూడు ఇళ్ళ అవతలికి వినబడేది. బిందు లేచింది, కానీ గడప వైపు రాలేదు.

"అత్తమ్మా, నేను ముట్టను. నీకు అనుమానం ఉంటే నేను లోపలికే రాను. నువ్వే కట్టు, నువ్వే పెట్టు, నేను ఈడ కూసొని చెప్త. గని జల్దీ చెయ్యాలె. పాలు అట్లనే ఉంటే చీము పడ్తది."

డాక్టరమ్మ చెప్పిందీ ఇదే కదా. కాపడం. ఆ మాట ఆమె నోటి నుంచి అప్పుడు వచ్చింది, ఇప్పుడు ఈమె నోటి నుంచి వస్తోంది. రెండుసార్లూ నాకు వినబడింది వేరే.

"ఏమేం గావాలె?" అని అడిగాను.

"పసుపు కొమ్ములు, అల్లం, నిమ్మకాయ తొక్క, ఉప్పు, చింతాకు. మేడం ప్లై అని ఒక దుంప వేస్తది, అల్లం లెక్కనే ఉంటది, మన దిక్కు దొరకది. దాని బదులు వావిలాకు ఉంటే మంచిది."

"కర్పూరం?"

"ఉత్తప్పుడైతే వేస్తం. పసిబిడ్డ పాలు తాగేకాడ వద్దు. పొద్దున మూటల గూడ వెయ్యలే."

వావిలాకు మూడు బాటల దగ్గరే ఉంది. కంచెనిండా. వేరే దిక్కు పోవాలంటే చెరువు అవతలికి పోవాలి. నేను ఆ సందులోకి నడిచాను.

దూరం నుంచే గుంపు కనబడింది. మూట చుట్టూ పెద్ద ఖాళీ వదిలి మనుషులు నిలబడి ఉన్నారు. ఒక ట్రాక్టరు అక్కడిదాకా వచ్చి వెనక్కి తిప్పుకుంది. మా ఊరి మొగులయ్య తన బర్రెలను అటు దాటించలేక పొద్దుటి నుంచీ పొలం చుట్టూ తిప్పి తెచ్చాడట. ఆ కోపం ముఖం మీదే ఉంది.

"విజయమ్మా, ఇటు రాకు. బాలింత ఉన్న ఇల్లు మీది" అన్నాడు. "ఎవలో శామీర్‌పేట్ దిక్కు మసాజు పనికి పోయే ఆడామె పెట్టిన ప్రకోపం మూట అని సుక్కమ్మ అన్నది. మల్ల గా కంపెనీ జీపు ఇప్పుడే వచ్చిందంట గద మీ దిక్కు. నలుగురం కలిసి పోయి అడుగుదామని అనుకుంటున్నం."

నలుగురు కాదు, ఇంకా ఎక్కువే ఉన్నారు. ఒకతని చేతిలో కట్టె కూడా ఉంది. అది బర్రెలు తోలే కట్టే కావచ్చు. నాకు మాత్రం మా అరుగు మీద ఒంటరిగా కూర్చుని పవిటకొస చుట్టుకుంటున్న బిందు కనబడింది. ఆమె చేతిలో ఏమీ లేదు. చెడు జరుగుతుందేమోనని నేను రోజూ ఎన్నో ఊహించుకుంటాను, నా మూలంగా ఒకరి మీదికి కట్టె లేవడం మాత్రం వాటిల్లో ఎప్పుడూ లేదు.

ఖాళీలోకి నడిచాను. వెనక ఎవరో "అయ్యో" అన్నారు. వంగి మూటను చేత్తో తీసుకున్నాను. పట్టుకారు లేదు, చాట లేదు. బురద అంటి తడిగా ఉంది. ఉప్పు దులిపి, అందరూ చూస్తుండగా ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాను. పసుపు, నిమ్మగడ్డి.

"గిది ఎవలు పెట్టలే, నేనే పెట్టిన" అన్నాను. "మా నయనకు పాలు గడ్డకట్టినయి. కాపడం మూట గిది. మా బిందు కట్టి తెచ్చింది. ఏందో తెల్వక నేనే తెచ్చి ఈడ పడేసిన."

మొగులయ్య నా ముఖంలోకి, మూట వైపు మార్చి మార్చి చూశాడు.

"కాపడం మూటకు గింత దారమెందుకు చుట్టిండ్రు?"

"పట్టుకోనీకె పిడి ఉండొద్దా, చెయ్యి కాలదా?"

ఎవరో నవ్వారు. కట్టె పట్టుకున్నతను కట్టెను చంకలోకి మార్చుకున్నాడు. మొగులయ్యకు ఇంకా తీరలేదు. "పొద్దటి సంది నా బర్రెలను పరేషాన్ చేసినవ్ గదమ్మా" అన్నాడు. నేను వావిలాకు తుంచి కొంగులో నింపుకున్నాను. ఇంటిదాకా నడిచాను. ఈసారి వెనక్కి తిరిగి చూసుకుంటూనే వచ్చాను, ఎవరైనా వెంట వస్తున్నారేమోనని. ఎవరూ రాలేదు.

బిందు అరుగు మీద అట్లానే ఉంది. బురద మూట నా చేతిలో చూసి లేచి నిలబడింది. నేను దాన్ని నీళ్ళ బకెట్లో వేసి, "లోపటికి రా బిడ్డా" అన్నాను.

లోపలికి వచ్చింది కానీ తలుపు దగ్గరే ఆగింది. అక్కడి నుంచే చెబుతుంటే నేను చేశాను. పసుపు కొమ్ములు, అల్లం కచ్చాపచ్చాగా దంచాను. వావిలాకు, చింతాకు, నిమ్మతొక్క చేర్చాను. ఉప్పు ఆఖరుకు. పాత ధోవతి ముక్కలో పోసి కొసలు మెలితిప్పితే నా కట్టు వదులైంది. ఆమె చెయ్యి ముందుకు వచ్చి మళ్ళీ వెనక్కి పోయింది. "దగ్గరికి రా, కట్టి పెట్టు" అన్నాను. అప్పుడు వచ్చి కూర్చుంది. దారం పళ్ళతో పట్టి లాగి, ఒక చుట్టు మీద ఇంకో చుట్టు బిగించింది. ఇడ్లీ గిన్నెలో నీళ్ళు మరిగాక మూటను రేకు మీద పెట్టి మూత వేసింది. ఇల్లంతా ఆ వాసనే నిండింది.

"ఆళ్ళ దేశంల గూడ బాలింతను వెచ్చగ ఉంచుతరంట అత్తమ్మా" అంది, ఆవిరి చూస్తూ. "మంచం పక్కన నిప్పులు పెడ్తరంట, మన కుంపటి లెక్క. నడుముకు, పొట్టకు గీ మూటతోనే కాపడం. మేడం చెప్తుంటే మా అమ్మమ్మ చెప్తున్నట్లే ఉండె. మా కాడికి వచ్చెటోళ్ళు మెడలు పట్టుకున్నయని, కాళ్ళు బెణికినయని వస్తరు. కంప్యూటర్ల ముంగట కూసునేటోళ్ళే ఎక్కువ."

"ఆడోళ్ళేనా?"

అడగకూడదనుకుంటూనే అడిగేశాను. ఆమె నావైపు తిరిగి, "నేను ఆడోళ్ళకే చేస్త. మొగోళ్ళకు మొగోళ్ళు వేరే ఉంటరు. ఇంక ఏమన్న అడగాల్నా, ఇప్పుడే అడుగు" అంది.

"ఏం లేదు."

"ఎప్పుడన్న వచ్చి చూడు. మస్తుంటది చెట్లల్ల."

మూట దించాక గుడ్డ మడతతో పిడి పట్టుకుని నాకు అందించింది. నేను తీసుకోలేదు. నయన ఒంటి మీద ఎంత వేడి ఆగుతుందో, తోలు ఊడితే ఏమవుతుందో అని నాకు అప్పుడే మొదలైంది.

"ముందు నా మీద పెట్టి చూపెట్టు" అన్నాను.

"మంచిది. అటు తిరుగు."

పీట మీద కూర్చున్నాను. మూటను ముందు తన ముంజేతికి ఆనించి చూసుకుంది. తర్వాత నా భుజం మీద టక్కున తాకించి తీసింది. మళ్ళీ తాకించి తీసింది. కాలుతుందనుకుంటే కాలలేదు. తాకింపు మెల్లమెల్లగా ఎక్కువ సేపు ఆగసాగింది, తర్వాత అదుముతూ దొర్లించింది. వేడి లోపలికి దిగుతుంటే, నా మెడ కింద ఎప్పటి నుంచో ఒక గట్టి ముడి ఉందని అప్పుడే తెలిసింది.

"అత్తమ్మా, భుజాలు దించు."

"దించే ఉన్న గద."

"లేవు. చెవులకాడికి వచ్చినయి. ఎవలో ఎనకకెల్లి కొడ్తరన్నట్లు కూసున్నవ్."

దించాను. దించాక కానీ అవి అంతసేపూ పైనే ఉన్నాయని నాకు తెలియలేదు. ఇంకొంచెం సేపు ఉంచమని అడగాలనిపించింది. పాప మళ్ళీ ఏడ్చింది. లేచాను.

నయన మంచం దగ్గర నేను కూర్చున్నాను, బిందు నా వెనక నిలబడింది. మూట నా చేతిలోనే ఉంది. "చంక దిక్కుకెల్లి మొదలుపెట్టు. మొన మీద వద్దు. తాకిచ్చి తియ్యి. ఆఁ, గట్లనే. ఇప్పుడు కిందికి, మొన దిక్కుకు దొర్లిచ్చుకుంట రా." నయన మొదటి తాకింపుకు పళ్ళు బిగించింది. తోసేస్తుందేమో అనుకున్నాను, తొయ్యలేదు. కొంచెంసేపటికి కళ్ళు మూసుకుంది. మూట చల్లారితే మళ్ళీ ఆవిరికి పెట్టి మళ్ళీ తెచ్చాం. రాయిలాంటి చోటు ఒక పక్క నుంచి మెత్తబడడం నా వేళ్ళకు తెలిసింది.

"ఇగ మెల్లగ పిండు అత్తమ్మా."

మొదట ఏమీ రాలేదు. తర్వాత చిక్కగా, పసుప్పచ్చగా ఒక చుక్క వచ్చి మొన మీద నిలబడింది. అది జారిపోయాక ఇంకొకటి. ఆ తర్వాత సన్నటి దారంలాగా ఎగిరి నా చీర మీద పడింది. నయన కళ్ళు తెరిచి, "అమ్మా, నొయ్యలే" అంది.

పసుపు పాప నోటికి తగలకుండా గోరువెచ్చటి నీళ్ళతో శుభ్రంగా తుడవమని బిందు చెప్పింది. తుడిచాను. ఇక పాపను తేవాలి. పాప ఉయ్యాలలో ఏడుస్తోంది. నాకు దగ్గరే, చెయ్యి చాచితే అందుతుంది. బిందు ఆ వైపు చూడకుండా చల్లారిన మూటను గిన్నెలో పెడుతోంది.

"బిందూ, పాపను ఎత్తుకొని రా" అన్నాను.

ఆమె చేతులు చూసుకుంది. పవిటకు తుడుచుకుంది, మళ్ళీ తుడుచుకుంది. ఉయ్యాల మీదికి వంగి, తల కింద ఒక చెయ్యి, నడుము కింద ఒక చెయ్యి పెట్టి ఎత్తింది. రోజూ ఎత్తుతున్నట్టే ఎత్తింది. నాలుగు అడుగుల దూరాన్ని ఆమె ఎంత మెల్లగా నడిచిందంటే, నయన "జల్దీ తే వదినె, పాలు కారిపోతున్నయి" అని నవ్వింది.

పాప నోరు పెట్టింది. జారింది. మళ్ళీ పెట్టింది. ఈసారి బుగ్గ లోపలికి పోయింది, దవడ కదిలింది, గొంతులో గుటక శబ్దం వినబడింది. బయట కంప్రెసర్ ఆగి ఉన్నట్టుంది, ఇల్లు అంత నిశ్శబ్దంగా ఉంది. మేం ముగ్గురం ఆ గుటకలు వింటూ కూర్చున్నాం.

"రేపు పొద్దున డాక్టరమ్మ కాడికి తీస్కపోవాలె అత్తమ్మా. జ్వరం దిగినా సరే, ఒకపారి చూపెట్టాలె" అంది బిందు. తీసుకుపోయాం. చూసి, కోయడం అవసరం లేదంది. కాపడం మానొద్దంది. ఈసారి చెప్పిందంతా విన్నాను.

చెప్పు దెబ్బలు తిన్న మూటను పారేద్దామంటే నాకు మనసు ఒప్పలేదు. నాలుగు నీళ్ళలో జాడించి, వాకిట్లో దుకాణం ముందు తీగ మీద, పాప గుడ్డల పక్కన వేలాడదీశాను. రోడ్డు మీద పోయేవాళ్ళందరికీ కనబడేట్టే వేశాను. సుక్కమ్మ వచ్చి చూసి, "గిది గిట్లనే ఏలాడేస్తవా?" అని గొణిగి, పాపకు నీళ్ళు పోసి పోయింది. మర్నాడు మొగులయ్య బర్రెలను ఆ దారినే తోలుకుపోతూ తీగ దగ్గర ఆగాడు. ముట్టుకోలేదు. దూరం నుంచే చూసి, దుకాణంలో ఉన్న మా ఆయనను అడిగాడు.

"గీ ప్రకోపం మోకాళ్ళకు గూడ పని చేస్తదా?"

మా ఆయన కంప్రెసర్ ఆపి, "ఏమన్నవ్?" అన్నాడు.